లాప్‌టాప్‌లో పులి, క్లౌడ్‌లో పిల్లి: స్టూడెంట్ యాప్‌ని కంటైనర్‌లో ఎక్కిస్తే బయటపడే సంగతులు

ప్రాజెక్టు పూర్తయింది, చూసి చెప్పండి అంటూ "లోకల్‌హోస్ట్ 5000" అనే లింకుని క్లాస్ గ్రూపులో పెట్టే విద్యార్థి ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరుంటారు. నొక్కినవాళ్లకి బ్రౌజర్ కనెక్ట్ కావట్లేదంటుంది, ఎవరో నవ్వుతారు, అక్కడితో అయిపోతుంది. కానీ యాప్‌ని క్లౌడ్‌కి ఎక్కించేటప్పుడు వచ్చే తలనొప్పుల్లో సగం ఆ లింకులోనే ఉన్నాయి. లోకల్‌హోస్ట్ అంటే "ఇక్కడే" అని అర్థం, ఎవరి మెషీన్‌లో పలికితే వాళ్ల మెషీనే. విద్యార్థి రాసే కోడ్ నిండా ఇలాంటి "ఇక్కడే"లు ఉంటాయి: డేటాబేస్ ఇక్కడే ఉంది, ఫోటోల ఫోల్డర్ ఇక్కడే ఉంది, పాస్‌వర్డ్ ఇక్కడే ఒక ఫైల్‌లో ఉంది, టైమ్ అంటే ఇక్కడి టైమే. అన్నిసార్లు "ఇక్కడే" అన్న సంగతి రాసినవాళ్లకే తెలియదు, ఎందుకంటే అడగకుండానే లాప్‌టాప్ అన్నీ సమకూర్చి పెట్టింది.

"నా మెషీన్‌లో పనిచేస్తోంది కదా" అనే మాట ఇక వినబడదన్న ఆశతోనే చాలామంది కంటైనర్ వైపు వస్తారు. ఆశ సగమే తీరుతుంది. కోడ్‌ని, అది నడవడానికి కావాల్సిన పైతాన్ వెర్షన్‌ని, లైబ్రరీలని కంటైనర్ మూట కడుతుంది, ఆ పని నిజంగానే బాగా చేస్తుంది. "ఇక్కడ"ని మాత్రం మూట కట్టలేదు. కంటైనర్లు కట్టి నడిపే టూల్ అయిన డాకర్‌లో పెట్టాక ఎర్రర్ వస్తే డాకర్‌ని తిట్టుకుంటూ కూర్చోవచ్చు, లేదా యాప్ ఇన్నాళ్లూ లాప్‌టాప్‌ని చెప్పకుండా ఎక్కడెక్కడ ఆనుకుని ఉందో ఒక్కొక్కటిగా బయటపడుతోందని చూడొచ్చు. రెండో దారిలో పని తొందరగా తెములుతుంది.

మూటలో ఏముంది

కంటైనర్ అంటే చిన్న కంప్యూటర్ అని చెబుతుంటారు. మొదటి రోజు ఆ పోలిక పనికొస్తుంది, రెండో రోజు నుంచి ఇబ్బంది పెడుతుంది. అది మామూలు లినక్స్ ప్రాసెసే, కాకపోతే కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, దాని చుట్టూ తెరలు కడుతుంది. ఏ ఫైళ్లు, ఏ ప్రాసెసులు, ఏ నెట్‌వర్క్ దానికి కనబడాలో నేమ్‌స్పేసులు చూసుకుంటాయి, ఎంత మెమరీ ఎంత సీపీయూ వాడుకోవచ్చో సీగ్రూపులు చూసుకుంటాయి. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు, యూనిక్స్‌లో సీహెచ్‌రూట్ 1979 నాటిది, ఫ్రీబీఎస్‌డీ జైల్స్ 2000లో వచ్చాయి, సీగ్రూపులు 2008లో లినక్స్ కెర్నల్‌లో చేరాయి. 2013 మార్చిలో పైకాన్ సభలో సోలమన్ హైక్స్ ఐదు నిమిషాల చిన్న ప్రసంగంలో డాకర్‌ని చూపించేనాటికి ముడిసరుకంతా ఎప్పటినుంచో ఉంది. డాకర్ చేసిందల్లా దాన్ని మామూలు మనుషులు వాడగలిగేలా చేయడం: ఒక ఫైల్‌లో నాలుగు లైన్లు రాస్తే ఇమేజ్, అంటే కంటైనర్ మొదలయ్యే మూట, తయారవుతుంది, ఆ ఇమేజ్‌ని రిజిస్ట్రీ అనే ఆన్‌లైన్ గోడౌన్‌కి పంపొచ్చు, ఇంకో మెషీన్‌లో దించుకుని నడపొచ్చు. 2015లో ఓపెన్ కంటైనర్ ఇనీషియేటివ్ మొదలై ఇమేజ్ ఎలా ఉండాలో ఒక ప్రమాణం ఏర్పడింది కాబట్టి ఇప్పుడు డాకర్‌తో కట్టిన ఇమేజ్ డాకర్ లాంటి ఇంకో టూల్ పాడ్‌మన్‌లోనూ నడుస్తుంది, ఏ పెద్ద క్లౌడ్‌లోనైనా నడుస్తుంది.

కెర్నల్ మాత్రం మూటలో రాదు, అది నడిపే మెషీన్‌దే. విండోస్‌లో, మ్యాక్‌లో డాకర్ డెస్క్‌టాప్ తెర వెనక ఒక లినక్స్ వర్చువల్ మెషీన్‌ని నడుపుతూ ఉండటం అందుకే, ఫ్యాన్ తిరగడం మొదలయ్యేదీ అందుకే.

ఇంకొక్క సంగతి గుర్తుంచుకుంటే మిగతా వ్యాసమంతా తేలిక. ఇమేజ్ అనేది పొరలు పొరలుగా ఉంటుంది, ఆ పొరలన్నీ చదవడానికే తప్ప రాయడానికి కావు. కంటైనర్ మొదలైనప్పుడు వాటిపైన రాసుకోవడానికి ఒక పల్చటి పొర ఇస్తారు. కంటైనర్‌ని తీసేస్తే ఆ పొర కూడా పోతుంది, దాంట్లో రాసిందంతా పోతుంది.

చెప్పుకోవడానికి ఒక యాప్ కావాలి కాబట్టి, పోయిన వస్తువుల యాప్ ఒకటి అనుకుందాం. ఎవరికైనా గొడుగో, కాలిక్యులేటరో దొరికితే ఫోటో తీసి పెడతారు, పోగొట్టుకున్నవాళ్లు లాగిన్ అయి నాదే అంటారు. వెనక సర్వర్ కోడ్‌కి పైతాన్‌లోని ఫ్లాస్క్, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, ముందు బ్రౌజర్‌లో కనబడే భాగానికి జావాస్క్రిప్ట్‌లోని రియాక్ట్. నలుగురు కలిసి ఒక సెమిస్టర్‌లో చేయదగ్గ సైజు.

బిల్డ్ దగ్గరే మొదలయ్యే గొడవ

ఇమేజ్ ఎలా కట్టాలో చెప్పే డాకర్‌ఫైల్ రాయడం నిజానికి కష్టం కాదు. దేని మీద కట్టాలో ఆ బేస్ ఇమేజ్ పేరు చెప్పాలి, ఫైళ్లు కాపీ చేయాలి, లైబ్రరీలు ఇన్‌స్టాల్ చేయాలి, చివర ఏ కమాండ్‌తో నడపాలో చెప్పాలి. వరస దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. ఫైళ్లని మార్చే ప్రతి లైన్ ఒక పొర అవుతుంది, ఏదైనా పొర మారితే దాని తర్వాతవన్నీ మళ్లీ మొదటి నుంచి కట్టాలి. ముందు మొత్తం కోడ్ కాపీ చేసి తర్వాత లైబ్రరీలు దించే పిప్ ఇన్‌స్టాల్ పెడితే, హెచ్‌టీఎంఎల్‌లో ఒక కామా మార్చినా లైబ్రరీలన్నీ మళ్లీ దిగుమతి అవుతాయి. లైబ్రరీల జాబితా ఉన్న రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌ని మాత్రం ముందు కాపీ చేసి, ఇన్‌స్టాల్ చేసి, ఆ తర్వాత మిగతా కోడ్ కాపీ చేస్తే ఆ పని ఒక్కసారితో పోతుంది. రెండు లైన్లు అటూ ఇటూ మారిస్తే చాలు, నిమిషాలు పట్టే బిల్డ్ సెకన్లలోకి వస్తుంది.

బేస్ ఇమేజ్ ఏది అన్న ప్రశ్నకి ఇంటర్నెట్ ఇచ్చే సమాధానం చాలాసార్లు ఆల్పైన్ అనే చిన్న లినక్స్, ఎందుకంటే అది కొన్ని ఎంబీలే ఉంటుంది. పైతాన్‌కి ఇది అంత మంచి సలహా కాదు. ఆల్పైన్‌లో సీ లైబ్రరీ మజిల్, మామూలు లినక్స్‌లలో ఉండేది జీలిబ్‌సీ. పైతాన్ లైబ్రరీలలో సీ కోడ్ ఉన్నవాటికి ముందే కంపైల్ చేసిన ప్యాకేజీలు ఎక్కువగా జీలిబ్‌సీ కోసమే ఉంటాయి, మజిల్‌కి 2021 తర్వాత వస్తున్నా అన్నిటికీ లేవు. లేనప్పుడు పిప్ సోర్స్ నుంచి కంపైల్ చేయడానికి కూర్చుంటుంది, కంపైలర్ లేదని ఆగిపోతుంది. డెబియన్ మీద కట్టిన స్లిమ్ ఇమేజ్ వాడితే నూటికి పైగా ఎంబీలు ఉంటుంది నిజమే, కానీ స్టూడెంట్ ప్రాజెక్టులో వంద ఎంబీలకన్నా ఒక రాత్రి నిద్ర విలువైనది.

స్లిమ్‌లో కూడా ఒక ఎర్రర్ పలకరిస్తుంది, పీజీ కాన్ఫిగ్ దొరకలేదు అని. పైతాన్‌ని పోస్ట్‌గ్రెస్‌తో కలిపే లైబ్రరీ సైకోపీజీ 2ని సోర్స్ నుంచి కట్టాలంటే పోస్ట్‌గ్రెస్ హెడర్ ఫైళ్లు ఉండాలి. లాప్‌టాప్‌లో పోస్ట్‌గ్రెస్ ఎప్పుడో ఇన్‌స్టాల్ చేశారు కాబట్టి అవి అక్కడున్నాయి, అవి కావాలన్న సంగతే ఎవరికీ తెలియలేదు. మొదటి "ఇక్కడే" ఇదీ. బైనరీ ప్యాకేజీకి మారితే సరిపోతుంది.

విండోస్ మీద రాసినవాళ్లకి ఇంకో రెండు ప్రత్యేకంగా ఉన్నాయి. ఫైల్ పేరు పెద్ద అక్షరంతో ఉండి, కోడ్‌లో చిన్న అక్షరంతో పిలిస్తే విండోస్ ఊరుకుంటుంది, మ్యాక్ కూడా మామూలుగా ఊరుకుంటుంది, లినక్స్ ఊరుకోదు. లోగో కనబడట్లేదు, ఒక పేజీ తెరుచుకోవట్లేదు అంటే ముందు ఇది చూడాలి. రెండోది నిజంగా పిచ్చెక్కిస్తుంది: స్టార్ట్ స్క్రిప్ట్ ఉన్నచోటే ఉంటుంది, కంటైనర్ మాత్రం అలాంటి ఫైల్ గానీ డైరెక్టరీ గానీ లేదంటుంది. ఫైల్ ఉంది, కళ్లెదుట ఉంది. కానీ విండోస్ ఎడిటర్ ప్రతి లైన్ చివర కంటికి కనబడని ఒక అదనపు గుర్తు పెడుతుంది, మొదటి లైన్‌లో ఉన్న షెల్ పేరు వెనక అది అతుక్కుంటుంది, ఆ పేరుతో షెల్ లేదని లినక్స్ చెబుతోంది. లేనిది స్క్రిప్ట్ కాదు, షెల్. ఎడిటర్‌లో లైన్ ఎండింగ్‌ని లినక్స్ తీరు అయిన ఎల్‌ఎఫ్‌కి మార్చి, గిట్‌కి కూడా ఆ మాట ఒక ఫైల్‌లో రాసి పెడితే మళ్లీ రాదు.

మ్యాక్‌లో వేరే గొడవ. 2020 నవంబర్‌లో ఎం1 చిప్ వచ్చినప్పటినుంచి కొత్త మ్యాక్‌లలో కట్టిన ఇమేజ్ ఆర్మ్ ప్రాసెసర్ కోసం తయారవుతుంది. క్లౌడ్‌లో దొరికే మెషీన్ ఇంటెల్ తరహాది అయితే "ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్" అనే ఒక్క ముక్కతో కంటైనర్ చచ్చిపోతుంది, లాగ్‌లో ఇంకేమీ ఉండదు. బిల్డ్ చేసేటప్పుడే ప్లాట్‌ఫామ్ ఏఎండీ64 (ఇంటెల్ తరహాకి ఇదే పేరు) అని చెప్పాలి, లేదా బిల్డ్‌ని గిట్‌హబ్ యాక్షన్స్ లాంటి ఆన్‌లైన్ బిల్డ్ సర్వీస్‌లో చేయించాలి. టీమ్‌లో నలుగురికి నాలుగు రకాల లాప్‌టాప్‌లు ఉంటే రెండోదే మేలు.

అడ్రస్, పోర్ట్, డేటాబేస్

ఇమేజ్ తయారైంది, నడుస్తోంది, లాగ్‌లో సర్వర్ మొదలైందని కూడా ఉంది, బ్రౌజర్‌లో మాత్రం ఏమీ రాదు. ఫ్లాస్క్ డెవలప్‌మెంట్ సర్వర్ చెప్పకపోతే 127.0.0.1 మీద, 5000 పోర్ట్‌లో వింటుంది. కంటైనర్‌కి తన సొంత నెట్‌వర్క్ ఉంటుంది కాబట్టి కంటైనర్ లోపలి 127.0.0.1 అంటే ఆ కంటైనర్ మాత్రమే, బయటి నుంచి వచ్చే పిలుపు దానికి వినబడదు. 0.0.0.0 మీద వినమని చెప్పాలి, అంటే ఏ దారిలో వచ్చినా వినమని. డాకర్‌ఫైల్‌లో ఎక్స్‌పోజ్ అనే లైన్ రాశాం కదా అంటారు, అది తలుపు మీద అంటించిన చీటీ లాంటిది, తలుపు తెరవదు. తెరిచేది నడిపేటప్పుడు ఇచ్చే పోర్ట్ మ్యాపింగ్.

ఈ పనిలో ఉండగానే డెవలప్‌మెంట్ సర్వర్‌ని పక్కన పెట్టి అసలు వాడకం కోసం చేసిన సర్వర్ గునికార్న్‌కి మారాలి, డీబగ్ మోడ్ ఆపేయాలి. డీబగ్ ఆన్‌లో ఉన్న ఫ్లాస్క్‌ని ఇంటర్నెట్‌లో పెట్టడమంటే ఎర్రర్ పేజీలోంచి పైతాన్ కోడ్ నడిపే అవకాశం బయటివాళ్లకి ఇవ్వడం. మధ్యలో ఒక పిన్ నంబర్ అడ్డం ఉంటుంది కానీ, దాన్ని నమ్ముకుని నిద్రపోయే పని కాదు.

క్లౌడ్‌లో పోర్ట్ నంబర్‌ని చాలా సర్వీసులు తామే చెబుతాయి, పోర్ట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో, అంటే యాప్ నడిపేటప్పుడు బయటి నుంచి ఇచ్చే విలువలో. ఇమేజ్ ఇస్తే నడిపిపెట్టే గూగుల్ క్లౌడ్ రన్‌లో అది మామూలుగా 8080. కోడ్‌లో 5000 అని గట్టిగా రాసేస్తే, కంటైనర్ లోపల అంతా బాగానే ఉన్నా ప్లాట్‌ఫామ్ కొంతసేపు తలుపు కొట్టి, పలకట్లేదని చంపేస్తుంది.

ఇక డేటాబేస్. లాప్‌టాప్‌లో కొన్ని కంటైనర్లని కలిపి నడపడానికి కంపోజ్ ఫైల్ రాసి యాప్ ఒక కంటైనర్, పోస్ట్‌గ్రెస్ ఒక కంటైనర్ అని పెడతారు. కోడ్‌లో డేటాబేస్ అడ్రస్ ఇంకా లోకల్‌హోస్ట్ 5432 అనే ఉంటే, యాప్ తన కంటైనర్‌లోనే పోస్ట్‌గ్రెస్‌ని వెతుక్కుని లేదంటుంది. కంపోజ్‌లో ఆ సర్వీస్‌కి ఏ పేరు పెట్టారో ఆ పేరే అడ్రస్. ఆ పేరు సరిచేసినా మొదటిసారి కనెక్షన్ దొరకక పడిపోతుంది, రెండోసారి నడిపితే బాగుంటుంది, ఎందుకో తెలియదు. డిపెండ్స్ ఆన్ అని రాస్తే పోస్ట్‌గ్రెస్ కంటైనర్ మొదలయ్యేదాకా మాత్రమే ఆగుతుంది, పోస్ట్‌గ్రెస్ లోపల సిద్ధమయ్యేదాకా ఆగదు. హెల్త్‌చెక్ పెట్టి అది బాగుందన్నాకే మొదలవమనొచ్చు. కానీ కంపోజ్ ఫైల్ క్లౌడ్‌లోకి యథాతథంగా రాదు, అక్కడ డేటాబేస్ వేరే చోట ఉంటుంది, ఎప్పుడైనా ఒక నిమిషం కనబడకుండా పోవచ్చు. కనెక్షన్ దొరక్కపోతే కాసేపాగి మళ్లీ ప్రయత్నించే నాలుగు లైన్లు యాప్‌లోనే ఉంటే రెండు చోట్లా పనికొస్తుంది.

లోకల్‌హోస్ట్ ఆఖరిసారి రియాక్ట్‌లో దొరుకుతుంది, ఇది అందరికన్నా ఆలస్యంగా పట్టుబడేది. ముందుభాగం కోడ్ సర్వర్‌లో నడవదు, చూసేవాళ్ల బ్రౌజర్‌లో నడుస్తుంది. దాంట్లో ఏపీఐ అడ్రస్, అంటే ఫ్లాస్క్‌ని పిలిచే అడ్రస్, లోకల్‌హోస్ట్ అని ఉంటే, గొడుగు వెతుక్కుంటున్న మనిషి ఫోన్ తనలోనే ఫ్లాస్క్ సర్వర్ ఉందేమోనని చూస్తుంది. చెక్ చేసే విద్యార్థి లాప్‌టాప్‌లో మాత్రం ఫ్లాస్క్ నిజంగానే నడుస్తూ ఉండొచ్చు, అందుకే వాళ్లకి అంతా పనిచేస్తున్నట్టే కనబడుతుంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టినా తీరకపోవచ్చు, ఎందుకంటే రియాక్ట్‌ని బిల్డ్ చేసే వీట్ లాంటి టూల్స్ ఆ విలువని బిల్డ్ చేసేటప్పుడే జావాస్క్రిప్ట్ ఫైల్‌లోకి అచ్చు వేసేస్తాయి, కంటైనర్ నడిపేటప్పుడు మార్చినా లాభం లేదు. తేలికైన దారి, రియాక్ట్ బిల్డ్‌ని, ఏపీఐని ఒకే డొమైన్ కింద పెట్టి కోడ్‌లో అడ్రసే లేకుండా చేయడం. వేరే డొమైన్‌కి వెళ్లే పిలుపులని బ్రౌజర్ అడ్డుకునే సీఓఆర్ఎస్ బాధ కూడా దాంతోనే పోతుంది.

రాసింది ఎక్కడికి పోతుంది

కంటైనర్ పైన ఉండే పల్చటి పొర సంగతి ఇప్పుడు కావాలి. పోయిన వస్తువుల యాప్‌ని డిప్లాయ్ చేశారు, ఇరవై మంది ఫోటోలు పెట్టారు, అందరికీ సంతోషం. రెండు రోజులకి బటన్ రంగు మార్చి మళ్లీ డిప్లాయ్ చేశారు. ఫోటోలన్నీ పోయాయి. డేటాబేస్‌లో ఫోటోల పేర్లున్నాయి, ఫైళ్లు లేవు, పేజీ నిండా విరిగిన బొమ్మలు. కొత్త డిప్లాయ్ అంటే పాత కంటైనర్‌కి మార్పులు చేయడం కాదు, దాన్ని తీసేసి కొత్తది నిలబెట్టడం. అప్‌లోడ్స్ ఫోల్డర్ పాత కంటైనర్‌తో పాటే వెళ్లిపోయింది. పోస్ట్‌గ్రెస్ బదులు ఎస్‌క్యూఎల్ లైట్ వాడి ఉంటే డేటాబేస్ కూడా వెళ్లిపోయేది, అది ఒక ఫైలే కదా. డిప్లాయ్ చేయకపోయినా పోవచ్చు, ఎవరూ వాడనప్పుడు కంటైనర్‌ని ఆపేసి, ఎవరైనా వచ్చినప్పుడు కొత్తది మొదలుపెట్టే సర్వీసులలో ఇది ఏ అర్ధరాత్రో జరుగుతుంది. క్లౌడ్ రన్‌లో అయితే ఇంకో చమత్కారం, అక్కడ డిస్క్‌లో రాశామనుకున్నది మెమరీలోకి వెళుతుంది, ఫోటోలు పెరిగేకొద్దీ యాప్‌కి మిగిలే మెమరీ తగ్గుతుంది.

అందుకని ఫోటోలు అమెజాన్ ఎస్3 లాంటి ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో, అంటే ఫైళ్లు దాచిపెట్టే క్లౌడ్ సర్వీస్‌లో ఉండాలి, డేటాబేస్ బయట మేనేజ్డ్ సర్వీస్‌లో ఉండాలి, కంటైనర్ దగ్గర తనదంటూ ఏదీ ఉండకూడదు. వినడానికి పెద్ద కంపెనీల గొడవలా ఉంటుంది కానీ ఇరవై మంది వాడే యాప్‌కి కూడా ఇదే లెక్క.

మెమరీలో దాచుకున్నదీ అంతే. లాగిన్ సెషన్లని పైతాన్ డిక్షనరీలో పెట్టుకుంటే ఒక్క ప్రాసెస్ ఉన్నంతకాలం బాగుంటుంది. గునికార్న్ రెండు వర్కర్లు, అంటే యాప్‌కి రెండు విడి ప్రాసెసులు, మొదలుపెట్టగానే లాగిన్ అయినవాళ్లు ఒకసారి లోపల, ఒకసారి బయట, ఎందుకంటే ఏ రిక్వెస్ట్ ఏ వర్కర్‌కి వెళుతుందో చెప్పలేం. ఫ్లాస్క్ సొంత సెషన్ కుకీలో ఉంటుంది కాబట్టి దానికి ఈ బాధ లేదు, అయితే ఆ కుకీకి సంతకం వేసే సీక్రెట్ కీని ప్రతిసారీ ర్యాండమ్‌గా పుట్టించే లైన్ ఏదో ట్యుటోరియల్ నుంచి వచ్చి ఉంటే మళ్లీ అదే కథ.

సీక్రెట్ మాట వచ్చింది కాబట్టి, పాస్‌వర్డ్‌లు ఉండే డాట్ ఎన్వ్ ఫైల్ సంగతి. గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా అయిన గిట్‌ఇగ్నోర్‌లో పెట్టామని ధీమాగా ఉంటారు. డాకర్‌కి గిట్‌ఇగ్నోర్‌తో సంబంధం లేదు, మొత్తం ఫోల్డర్ కాపీ చేయమంటే అది కూడా ఇమేజ్‌లోకి వెళుతుంది, ఇమేజ్‌ని డాకర్ హబ్‌లో పబ్లిక్‌గా పెడితే ప్రపంచానికి వెళుతుంది. తర్వాతి లైన్‌లో తుడిచేశాం అనుకున్నా పోదు, ముందు పొరలో అది అలాగే ఉంటుంది, పై పొర కనబడకుండా కప్పుతుందంతే, పొరలు విప్పి చూసేవాళ్లకి దొరుకుతుంది. డాకర్‌ఇగ్నోర్ అని దానికి వేరే ఫైల్ ఉంది, అందులో రాయాలి. పాస్‌వర్డ్‌లు నడిపేటప్పుడు ప్లాట్‌ఫామ్ ఇవ్వాలి. ఒకసారి బయటికి వెళ్లిన పాస్‌వర్డ్‌ని దాచడానికి తంటాలు పడటం దండగ, మార్చేయడమే.

ఎక్కడ పెట్టాలి

మూడు దారులు. ఒక వర్చువల్ మెషీన్ అద్దెకి తీసుకుని దాంట్లో డాకర్ వేసుకోవడం ఒకటి, ఇమేజ్ ఇస్తే మిగతాది చూసుకునే సర్వీసులు రెండోది, కుబెర్నెటీస్ మూడోది.

మూడోదాన్ని తొందరగా వదిలేయొచ్చు. 2014లో గూగుల్ బయటపెట్టిన ఈ వ్యవస్థ వందల కంటైనర్లని పదుల మెషీన్ల మీద సర్దడానికి పుట్టింది. ఒక్క కంటైనర్ ఉన్న యాప్‌కి దాన్ని పెడితే యాప్ కోడ్ కన్నా యామెల్ సెట్టింగుల ఫైళ్లే ఎక్కువవుతాయి. కుబెర్నెటీస్ నేర్చుకోవాలంటే నేర్చుకోవచ్చు, అది వేరే ప్రాజెక్టు.

వర్చువల్ మెషీన్‌లో నేర్చుకునేది ఎక్కువ, కంపోజ్ ఫైల్ కూడా దాదాపు అలాగే నడుస్తుంది, డిస్క్ నిలబడుతుంది. బదులుగా అప్‌డేట్లు, హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్, బ్యాకప్, రీస్టార్ట్ అన్నీ సొంత నెత్తిన పడతాయి. దీంట్లో ఒక గుంట గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ పెట్టి అన్ని పోర్టులూ మూశాం అనుకుంటారు, కానీ కంపోజ్‌లో పోస్ట్‌గ్రెస్‌కి 5432 పోర్ట్ మ్యాపింగ్ రాసి ఉంటే డాకర్ లినక్స్ నెట్‌వర్క్ నియమాలుండే ఐపీ టేబుల్స్‌లో నేరుగా తన నియమాలు రాసుకుని ఆ ఫైర్‌వాల్ పక్కనుంచి దారి వేసేస్తుంది. ఫైర్‌వాల్ స్టేటస్ అడిగితే మూసే ఉందంటుంది, డేటాబేస్ మాత్రం ఇంటర్నెట్‌కి తెరిచి ఉంటుంది, పాస్‌వర్డ్ "పోస్ట్‌గ్రెస్" అయితే ఇక చెప్పక్కర్లేదు. డేటాబేస్‌కి పోర్ట్ మ్యాపింగ్ అవసరమే లేదు, కంపోజ్ నెట్‌వర్క్‌లో యాప్‌కి అది ఎలాగూ కనబడుతుంది.

రెండో దారిలో క్లౌడ్ రన్, ఏడబ్ల్యూఎస్ ఫార్గేట్, అజ్యూర్ కంటైనర్ యాప్స్ లాంటివి ఉన్నాయి, రెండర్ లాంటి చిన్నవీ ఉన్నాయి. స్టూడెంట్ యాప్‌కి ఎక్కువసార్లు సరిపోయేది ఇదే, ఎందుకంటే హెచ్‌టీటీపీఎస్ వాళ్లే చూసుకుంటారు, వాడకం లేనప్పుడు సున్నాకి దిగే రకమైతే బిల్లు కూడా దాదాపు సున్నాకి దిగుతుంది. అన్నీ ఒకటి కావు, ఫార్గేట్‌లో మామూలుగా ముందు రిక్వెస్టులు పంచే లోడ్ బ్యాలెన్సర్ పెట్టాలి, కొన్ని అమరికల్లో బయటికి దారి ఇచ్చే నాట్ గేట్‌వే కూడా కావాలి, ఎవరూ యాప్ తెరవకపోయినా ఈ రెండిటికీ గంటల లెక్కన డబ్బు పడుతూనే ఉంటుంది. సున్నాకి దిగే రకంలో ఉన్న చిక్కు, నిద్రలేవడానికి టైమ్ పడుతుంది. డెమోలో అందరూ చూస్తుండగా మొదటి క్లిక్‌కి తెల్ల పేజీ తిరుగుతూ ఉంటే వచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు, రెండు నిమిషాల ముందు ఒకసారి తెరిచి పెట్టుకుంటే చాలు.

ఉచితం అన్నదాని మీద మరీ నమ్మకం పెట్టుకోకూడదు. ఎన్నో ట్యుటోరియల్స్‌కి ఆధారమైన హెరోకూ ఉచిత ప్లాన్ 2022 నవంబర్ 28 నుంచి లేదు, ఆ ట్యుటోరియల్స్ మాత్రం ఇంకా ఉన్నాయి. బడ్జెట్ అలర్ట్ పెట్టుకోవాలి, అయితే అది పేరుకి తగ్గట్టు అలర్టే, ఖర్చుని దానంతట అది ఆపదు. ఇమేజ్‌లో ఉన్నది మామూలు కంటైనర్ కాబట్టి ఒక చోట ఉచితం ఆగితే ఇంకో చోటికి మారడం మాత్రం తేలిక, కంటైనర్ పడ్డ శ్రమకి నిజంగా దక్కే ఫలితం అక్కడుంది.

137

కొన్నాళ్లకి యాప్ మధ్యమధ్యలో చచ్చి లేస్తుంటుంది, లాగ్‌లో ఎర్రర్ ఉండదు, ఎగ్జిట్ కోడ్ 137 అని మాత్రం ఉంటుంది. 128కి 9 కలిపితే 137, తొమ్మిది అంటే సిగ్‌కిల్, అంటే బయటి నుంచి ఎవరో చంపారు. ఎక్కువసార్లు కారణం మెమరీ పరిమితి దాటడం. పోయిన వస్తువుల యాప్‌లో ఇది ఎలా వస్తుందో చూస్తే సరదాగా ఉంటుంది. గునికార్న్ డాక్యుమెంటేషన్‌లో కోర్ల సంఖ్యని రెండుతో హెచ్చించి ఒకటి కలిపి అన్ని వర్కర్లు పెట్టమని ఒక లెక్క ఉంది. కోర్లు ఎన్నో పైతాన్‌ని అడిగి ఆ లెక్క వేసే లైన్ రాశారు. సీపీయూ ఎంత వాడుకోవచ్చో సీగ్రూప్ పరిమితి పెట్టినా, పైతాన్‌లో సీపీయూ కౌంట్ అడిగితే అది కంటైనర్ వాటా చెప్పదు, కింద ఉన్న మెషీన్ మొత్తం కోర్లు చెబుతుంది. 16 కోర్ల మెషీన్ అయితే 33 వర్కర్లు, ఒక్కో వర్కర్‌కి 50 ఎంబీ వేసుకున్నా ఒకటిన్నర జీబీ దాటుతుంది, ఇచ్చిందేమో 512 ఎంబీ. చిన్న కంటైనర్‌లో రెండు వర్కర్లు, కొన్ని థ్రెడ్లు అని చేత్తో రాసేయడం మంచిది. వర్కర్లు తక్కువుంటే డేటాబేస్ కనెక్షన్లు కూడా తక్కువుంటాయి, పోస్ట్‌గ్రెస్ మామూలుగా వందకి మించి ఒప్పుకోదు, ఉచిత ప్లాన్లలో ఇంకా తక్కువ ఉండొచ్చు.

137కి ఇంకో కారణం ఆపే తీరు. ఆపేటప్పుడు డాకర్ ముందు సిగ్‌టర్మ్ పంపి మర్యాదగా చెబుతుంది, 10 సెకన్లు చూసి సిగ్‌కిల్‌తో చంపేస్తుంది. స్టార్ట్ స్క్రిప్ట్ చివరి లైన్‌లో గునికార్న్ ముందు ఎగ్జెక్ అనే మాట లేకపోతే ఒకటో నంబర్ ప్రాసెస్‌గా షెల్ ఉండిపోతుంది, చెప్పిన మాట షెల్ దగ్గరే ఆగుతుంది, గునికార్న్‌కి చేరదు. అప్పుడే ఎవరో ఫోటో పెడుతుంటే ఆ అప్‌లోడ్ సగంలో తెగిపోతుంది. ఒక్క పదం చేర్చితే పోయే సమస్య.

అదే స్టార్ట్ స్క్రిప్ట్‌లో డేటాబేస్ మైగ్రేషన్, అంటే టేబుళ్లని మార్చే కోడ్, కూడా పెట్టేస్తుంటారు. ఒక కాపీ ఉన్నంతవరకు సరే, రెండు కాపీలు ఒకేసారి మొదలైతే రెండూ ఒకే టేబుల్‌ని మార్చబోతాయి. దాన్ని డిప్లాయ్‌కి ముందు విడిగా నడపాలి.

లాగ్స్ ఫైల్‌లో రాయకుండా స్టాండర్డ్ అవుట్‌పుట్‌కి పంపాలి, ప్లాట్‌ఫామ్ అక్కడి నుంచే ఏరుకుంటుంది. పైతాన్ అన్‌బఫర్డ్ అనే వేరియబుల్ పెట్టకపోతే ప్రింట్ చేసిన మాటలు బఫర్‌లో ఉండిపోయి, యాప్ చచ్చినప్పుడు వాటితో పాటే పోతాయి, సరిగ్గా కావాల్సినప్పుడు. ఇమేజ్‌కి లేటెస్ట్ అనే ట్యాగ్ ఒక్కటే పెడితే నిన్న ఏది నడిచిందో ఇవాళ చెప్పలేం, కమిట్ నంబర్ ట్యాగ్‌గా పెడితే పాతదానికి వెనక్కి వెళ్లొచ్చు. కంటైనర్ గడియారం మామూలుగా యూటీసీలో ఉంటుంది, వస్తువు దొరికిన టైమ్ కొన్ని గంటలు తేడాగా కనబడితే అదీ సంగతి, డేటాబేస్‌లో యూటీసీలోనే ఉంచి చూపించేటప్పుడు బ్రౌజర్‌లో మార్చుకోవాలి.

వీటిలో చాలా వరకు క్లౌడ్‌కి వెళ్లకముందే లాప్‌టాప్‌లోనే పట్టుకోవచ్చు, కాస్త కఠినంగా రిహార్సల్ చేస్తే. ఇమేజ్‌ని రీడ్ ఓన్లీ ఫ్లాగ్‌తో నడపాలి, టెంప్ ఫోల్డర్‌కి మాత్రం మెమరీలో ఉండే టీఎంపీఎఫ్ఎస్ ఇవ్వాలి. అప్పుడు యాప్ ఎక్కడ రాయబోయినా వెంటనే ఎర్రర్ వస్తుంది, అప్‌లోడ్స్ ఫోల్డర్ గుట్టు మొదటి ఫోటోకే తెలుస్తుంది. మెమరీ 512 ఎంబీ అని పరిమితి పెట్టాలి. పోర్ట్ వేరియబుల్‌కి ఎప్పుడూ వాడని నంబర్ ఏదో, 9137 లాంటిది ఇవ్వాలి. డాట్ ఎన్వ్ ఫైల్ ఉన్న ఫోల్డర్‌లోంచి కాకుండా వేరే ఖాళీ ఫోల్డర్‌లోంచి నడపాలి. అదే ఇమేజ్‌తో రెండు కాపీలు మొదలుపెట్టి ఒకదాంట్లో లాగిన్ అయి, పోర్ట్ మార్చి రెండోదాంట్లో పేజీ తెరవాలి. ఫ్లాస్క్‌ని లాప్‌టాప్‌లో నేరుగా నడుపుతున్న ఆ పాత టెర్మినల్‌ని మాత్రం ముందే మూసేయాలి, లేకపోతే రియాక్ట్‌లోని లోకల్‌హోస్ట్ దాన్ని పట్టుకుని అంతా బాగుందని చెబుతుంది.